మెత్తటి గట్టు, మే నెల ఎండ, రెండు అచ్చులు: ఒక పళ్ళ సెట్టు కేస్ స్టడీ

ఆమె వయసు 62. పాకాల వైపు ఒక పల్లె నుంచి కొడుకును వెంటబెట్టుకుని బస్సులో తిరుపతికి వచ్చారు. చేతిసంచిలోంచి చిన్న స్టీలు డబ్బా తీసి నా టేబుల్ మీద పెట్టారు. అందులో రెండు పై పళ్ళ సెట్లు ఉన్నాయి. ఒకటి పళ్ళు అరిగి రంగు మారినది. రెండోది ఏడాది కిందటే చేయించినది, వాడిన ఆనవాళ్ళు పెద్దగా లేవు. "రెండూ నిలబడవు నాయనా. నములుతా ఉంటే ముందర పైకి లేచి ఎనకాల జారిపోతాది. కొండకు పోయినప్పుడు నోరారా గోవిందా అనాలంటే చెయ్యి అడ్డం పెట్టుకోవాల," అన్నారు.

తర్వాత నేను చేసిచ్చిన మొదటి సెట్టు కూడా ఆ డబ్బాలోకే చేరింది. ఈ కేసును ఇంత వివరంగా రాయడానికి కారణం అదే. సెట్టు కోసం ఆమె నోటికి నేను తీసిన అచ్చులో బుడగ లేదు, చిరుగు లేదు, అంచులు చక్కగా గుండ్రంగా వచ్చాయి. అయినా తప్పు అచ్చులోనే ఉంది. అచ్చు పదార్థం గట్టిపడుతున్న ఆ రెండు మూడు నిమిషాల్లో ఆమె చిగురు తన సహజమైన చోట లేదు. దాన్ని అక్కడి నుంచి నెట్టింది నేను ఎంచుకున్న పదార్థం, దాన్ని నోట్లో పట్టే నా ట్రే, ఆ మధ్యాహ్నపు వేడి.

నోట్లో కనిపించినది

పై దవడలో ఒక్క పన్నూ లేదు. చివరి పళ్ళు తొమ్మిదేళ్ళ కిందట తీయించుకున్నారు. కింద మాత్రం ముందు ఆరు పళ్ళు, కోర పన్ను నుంచి కోర పన్ను దాకా, బలంగా ఉన్నాయి. వాటి వెనక రెండు వైపులా ఖాళీ. అక్కడ ఎప్పుడూ ఏమీ కట్టించుకోలేదు. అంటే తొమ్మిదేళ్ళుగా ఆమె నమలడమంతా ముందు పళ్ళతోనే జరిగింది. కింది పళ్ళు పై సెట్టు ముందు భాగాన్ని రోజూ పొడుస్తూ వచ్చాయి.

మౌత్ మిర్రర్ పిడితో పై గట్టు (పళ్ళు పోయాక మిగిలే చిగురు దిమ్మ) ముందు భాగాన్ని మెల్లగా నెట్టి చూశాను. కోడిజుట్టులా ఒరిగి, వదిలేయగానే తిరిగి నిలబడింది. మూడు నాలుగు మిల్లీమీటర్లు కదులుతోంది. కింద ఎముక కరిగిపోయింది, దాని చోట పీచు కణజాలం పెరిగింది. వెనక గట్టు, అంగిలి గట్టిగానే ఉన్నాయి. పై దవడ వెనక చివర్లు ఉబ్బి కిందికి దిగాయి. కింది ముందు పళ్ళు కొంచెం పైకి లేచాయి. ఈ లక్షణాలు ఒకేచోట కనిపించడాన్ని 1972లో ఎల్స్‌వర్త్ కెల్లీ వివరించారు. అప్పటి నుంచి దీన్ని కాంబినేషన్ సిండ్రోమ్ అంటున్నాం. పైన పూర్తి సెట్టు, కింద ముందు పళ్ళు మాత్రమే మిగిలిన నోళ్ళలో ఇది కొత్త విషయం కాదు. మన పల్లెల నుంచి వచ్చేవారిలో కింద వెనక పళ్ళు కట్టించుకోనివాళ్ళు చాలామంది కాబట్టి దీని కోసం వెతకాలి. వేలితో నొక్కితే తప్ప కంటికి కనబడదు.

ఆమెకు షుగర్ ఉంది, మందులతో అదుపులో ఉంది. చిగురు మీద ఎర్రదనం ఉంది. రాత్రి కూడా సెట్టు తీసేవారు కాదట. మెత్తటి గట్టును ఆపరేషన్ చేసి తీసేయవచ్చు. కానీ తీస్తే మిగిలే గట్టు చాలా పొట్టిది. షుగర్ కూడా ఉండడంతో నేను ఆ వైపు వెళ్ళలేదు, ఆమె కూడా వద్దన్నారు.

మొదటి అచ్చు

అప్పటికి మనవరాలి పెళ్ళి మూడు వారాలు ఉంది. పెళ్ళికి కొత్త పళ్ళు కావాలని కొడుకు అడిగారు. చిగురుకు విశ్రాంతి ఇవ్వకుండా నేను ఒప్పుకున్నాను. ఇది నా మొదటి తప్పు. పాత సెట్టు నలిపిన చిగురు వాచి ఉంటుంది. ఆ వాపుకు అచ్చు తీస్తే, వాపు తగ్గాక సెట్టు వదులవుతుంది.

ప్రైమరీ అచ్చుకు, అంటే మొదట తీసే స్థూలమైన అచ్చుకు, ఇంప్రెషన్ కాంపౌండ్ వాడాను. 55 నుంచి 60 డిగ్రీల నీళ్ళలో మెత్తబరిచి, ట్రేలో పెట్టి, నొక్కి, చల్లబరిచి తీశాను. కాంపౌండ్ మంచి పదార్థమే. బుగ్గల్ని పక్కకు నెట్టి అంచుల లోతు తీసుకుంటుంది. తృప్తిగా రాకపోతే మళ్ళీ మెత్తబరిచి సరిచేసుకోవచ్చు. కానీ అది చాలా చిక్కటిది. గట్టి గట్టు మీద ఆ చిక్కదనం మేలు చేస్తుంది. మెత్తటి గట్టు మీద పెడితే ముందు గట్టే వంగుతుంది, పదార్థం వంగదు.

ఆ అచ్చులో పోసి తీసిన నమూనా (కాస్ట్) మీద, జాగా ఉంచే మైనం పొర (స్పేసర్) లేకుండా, ఆమె నోటి కొలతకు అక్రిలిక్ స్పెషల్ ట్రే చేయించాను. వేడికి మెత్తబడే గ్రీన్ స్టిక్ కడ్డీతో ట్రే అంచులు తీర్చి, జింక్ ఆక్సైడ్ యూజినాల్ పేస్టుతో ఫైనల్ అచ్చు తీశాను. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద చైరు, లైటు నడుస్తున్నాయి గానీ ఏసీ ఆగింది. గోడ మీది థర్మామీటర్ 37 చూపిస్తోంది. అప్పుడే కడిగిన గాజు పలక మీద నా అసిస్టెంట్ రెండు పేస్టుల్ని సమానంగా పరిచి కలిపింది. పలక పూర్తిగా ఆరిందో లేదో నేను చూడలేదు. ట్రేలో నింపి నోటి దగ్గరికి తెచ్చేసరికి పేస్టు జారడం తగ్గింది. ట్రే పూర్తిగా కూర్చోకపోతే కొంచెం గట్టిగా నొక్కాను. కూర్చుంది. తీసి చూస్తే అద్దంలా వచ్చింది. ఆమె మాత్రం మంట పుడుతోందని నోరు పుక్కిలించారు. లవంగ నూనెలో ఉండే యూజినాల్ మంట అది.

పది రోజుల్లో సెట్టు తయారైంది. నోట్లో పెట్టి నొక్కితే పట్టింది. లాగితే రాలేదు. సంతోషించాను. అంతలోనే, కన్సల్టేషన్ చీటీ రాస్తూ ఉండగా, ఆమె ఏదో మాట చెప్పబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. వెనక అంచు దిగిపోయింది.

ఏం జరిగింది

ఒత్తిడి ఎక్కడ పడుతోందో చూపే ప్రెషర్ ఇండికేటర్ పేస్టు సెట్టు లోపల పూసి పెట్టి తీశాను. ముందు గట్టు భాగంలో పేస్టు పూర్తిగా తుడిచిపెట్టుకుపోయింది. మిగతా చోట అలాగే ఉంది. సెట్టు అక్కడ చిగురును ఒత్తుతోంది, చిగురు తిరిగి సెట్టును నెడుతోంది.

పీచు కణజాలానికి సాగే గుణం ఉంది. నొక్కితే వంగుతుంది, వదిలితే తన చోటికి వస్తుంది. నా అచ్చులో అది వెనక్కి వంగిన ఆకారంలో నమోదైంది. ఆ ఆకారం కాస్ట్‌లోకి వెళ్ళింది, కాస్ట్ నుంచి సెట్టులోకి వెళ్ళింది. సెట్టు పెట్టిన మొదటి నిమిషం చిగురు ఆ ఒత్తిడికి లోబడి ఉంటుంది. తర్వాత నిలబడాలని చూస్తుంది. ముందు భాగం సెట్టును కిందికి తోస్తుంది, అంచుల దగ్గర గాలి చొరబడుతుంది, పట్టు పోతుంది. నమిలేటప్పుడు దీనికి విరుద్ధంగా మెత్తటి గట్టు నలిగి ముందు భాగం పైకి వెళ్తుంది, వెనక భాగం జారుతుంది. పాత రెండు సెట్లలో కూడా ఇదే జరిగి ఉండాలి.

ఇక్కడ నాకు తెలిసిన పాఠం ఒకటి కళ్ళ ముందుకు వచ్చింది. జింక్ ఆక్సైడ్ పేస్టు ఒత్తిడి పెట్టని పదార్థమని మనం చదువుకున్నాం. పల్చగా ఉన్నంతసేపు అది నిజం. అయితే ట్రే, చిగురు మధ్య జాగా లేకపోతే, పేస్టు బయటికి పోవడానికి రంధ్రాలు లేకపోతే, లోపల ఇరుక్కున్న పల్చటి పేస్టు కూడా ఒత్తుతుంది. పైగా వేడి, తేమ రెండూ ఆ పేస్టును తొందరగా గట్టిపరుస్తాయి. ఆ మధ్యాహ్నం గదిలో వేడి ఉంది, పలక మీద తడి ఉంది. నేను ట్రే నొక్కే సమయానికి నా చేతిలో ఉన్నది పల్చటి పేస్టు కాదు. చిక్కబడ్డ పదార్థం చిగురును చుట్టుకోదు, నెడుతుంది. పదార్థం పేరు చూసి ఒత్తిడి లేదనుకోవడం నా రెండో తప్పు.

వేడిలో మన పదార్థాలు

పెట్టె మీద రాసే వర్కింగ్ టైమ్, సెట్టింగ్ టైమ్ సాధారణంగా 23 డిగ్రీల దగ్గర కొలిచినవి. తిరుపతిలో మే నెలలో 42 దాటే రోజులుంటాయి. ఏసీ లేని గదిలో మధ్యాహ్నం 23 ఎక్కడిది? రెండు నిమిషాలు పని చేసుకోవచ్చని పెట్టె చెబితే, మనకు దొరికేది అంతకంటే తక్కువే. ఈ తేడా ఎక్కువగా బయటపడేది నీళ్ళతో కలిపి వాడే అచ్చు పొడి ఆల్జినేట్‌లో.

ఆల్జినేట్ పొడిలో సోడియం ఆల్జినేట్, కాల్షియం సల్ఫేట్ ఉంటాయి. నీళ్ళు కలపగానే కాల్షియం వచ్చి ఆల్జినేట్‌తో కలిసి జెల్ కడుతుంది. అది వెంటనే జరిగిపోకుండా ట్రైసోడియం ఫాస్ఫేట్ కొంచెం కలుపుతారు. కాల్షియం ముందు దానితో కలుస్తుంది, అది అయిపోయాకే జెల్ మొదలవుతుంది. మనకు దొరికే సమయమంతా ఆ కొంచెం ఫాస్ఫేట్ ఇచ్చేదే. నీళ్ళు వెచ్చగా ఉంటే అది తొందరగా ఖర్చవుతుంది. నీళ్ళలోనే కాల్షియం ఉంటే ఇంకా తొందరగా. మన వైపు బోరు నీళ్ళు ఎంత ఉప్పు కడతాయో గీజర్ కాయిల్ చూసినవాళ్ళకు చెప్పక్కరలేదు. ఎండాకాలం మధ్యాహ్నం ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళతో చేతులు కడగడమే కష్టం. వాటితో ఆల్జినేట్ కలిపితే రబ్బరు గిన్నెలోనే గడ్డకడుతుంది.

ఇలాంటప్పుడు చాలామంది చేసే పని నీళ్ళు ఎక్కువ పోయడం. దయచేసి అది చేయవద్దు. పల్చటి మిశ్రమం చిరుగుతుంది, నోట్లోంచి తీశాక పూర్వపు ఆకారానికి పూర్తిగా రాదు. మామూలు నిష్పత్తి 15, 16 గ్రాముల పొడికి 40 మిల్లీలీటర్ల దాకా నీళ్ళు. నిష్పత్తి అలాగే ఉంచి నీళ్ళ చల్లదనం పెంచాలి. నా దగ్గర ఒక సీసా డిస్టిల్డ్ వాటర్ ఫ్రిజ్‌లో ఉంటుంది. వేసవిలో దాన్ని గది నీళ్ళతో కలిపి 20 డిగ్రీల చుట్టుపక్కలకు తెస్తాం. ఒక థర్మామీటర్ కొనుక్కుంటే చాలు. డబ్బా మూత వెంటనే బిగించాలి, కిటికీ పక్కన పెట్టకూడదు. తేమ, వేడి తగిలిన పొడి సరిగా గట్టిపడదు.

ఇంకొక విషయం చాలామంది గమనించరు. ఆల్జినేట్ ముందు గట్టిపడేది చిగురు, పంటిని ఆనుకున్న వైపే. అక్కడే వెచ్చదనం ఎక్కువ. లోపలి పొర గట్టిపడి, ట్రే వైపు ఇంకా మెత్తగా ఉన్న సమయంలో మనం చెయ్యి కదిపితే ఆ లోపలి పొర వంగుతుంది. పైకి ఏమీ కనబడదు. కాస్ట్ మీద చేసినవి నోట్లో కూర్చోనప్పుడు మనం ల్యాబ్‌ను అంటాం. ట్రే పట్టుకున్న చేయి కదలకూడదు. గట్టిపడ్డాక ఇంకో రెండు మూడు నిమిషాలు ఆగి, ఊపకుండా ఒక్కసారిగా లాగాలి.

చిత్తూరులో కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు నేను పని చేసిన చోట ఆల్జినేట్ అచ్చుల్ని తడి దూదిలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి, బస్సులో తిరుపతి ల్యాబ్‌కు పంపేవాళ్ళం. దాదాపు 70 కిలోమీటర్లు. అచ్చు చేరేసరికి రెండు గంటలు, ల్యాబ్‌లో స్టోన్ (కాస్ట్ చేసే గట్టి ప్లాస్టర్) పోసేసరికి ఇంకా ఆలస్యం. ఆల్జినేట్‌లో అధిక భాగం నీరు. ఆరితే కుంచించుకుపోతుంది, నీళ్ళలో నానితే ఉబ్బుతుంది. తడి కవర్లో పెట్టినా దానంతట అదే నీటిని వదులుతుంది. పది పదిహేను నిమిషాల్లో స్టోన్ పోయడం ఒక్కటే దారి. అప్పుడు వచ్చిన వదులు క్యాపులకు, ఎత్తు పెరిగిన క్యాపులకు కారణం ఆ బస్సు ప్రయాణమని నాకు అర్థమయ్యేసరికి చాలామంది పేషెంట్లు మళ్ళీ మళ్ళీ తిరిగారు. ఇప్పటికీ ఆ ముఖాలు గుర్తొస్తే బాధ కలుగుతుంది. ఇప్పుడు స్టోన్, వైబ్రేటర్ నా క్లినిక్‌లోనే ఉన్నాయి. అచ్చు కడిగి, క్రిములు చావడానికి 0.5 శాతం హైపోక్లోరైట్ చల్లి, తడి టిష్యూలో చుట్టి పది నిమిషాలు ఉంచి, వెంటనే పోస్తాం. కాస్ట్‌ను గంటకు మించి ఆల్జినేట్‌లో ఉంచం. ఉంచితే పై పొర సుద్దలా రాలుతుంది.

రబ్బరులా గట్టిపడే మరో అచ్చు పదార్థం అడిషన్ సిలికాన్ ఇంత తొందరపెట్టదు. గట్టిపడేటప్పుడు దానిలోంచి ఆల్కహాల్ లాంటిదేదీ ఆవిరైపోదు కాబట్టి రోజుల తరబడి కొలత నిలుస్తుంది. కండెన్సేషన్ సిలికాన్‌లోంచి ఆల్కహాల్ పోతుంది, అందుకే కుంచించుకుపోతుంది. రెండింటినీ సిలికాన్ అనే ఒక్క మాటతో పిలుస్తుంటాం, ఇది గుర్తుంచుకోవాలి. అడిషన్ సిలికాన్‌కు కూడా బలహీనతలున్నాయి. ఒకటి లేటెక్స్ గ్లోవ్స్. వాటిలోని గంధకం ప్లాటినం ఉత్ప్రేరకాన్ని పని చేయనివ్వదు. ఆ గ్లోవ్స్‌తో పుట్టీ (పిండిలాంటి చిక్కటి సిలికాన్) పిసికితే జిగటగానే ఉండిపోతుంది. గ్లోవ్స్ తీసేసినా, వాటితో తడిమిన పంటి మీద, చిగురు మీద ఆ పొర మిగులుతుంది. మా క్లినిక్‌లో సిలికాన్ రోజు పొద్దుట నుంచీ నైట్రైల్ గ్లోవ్సే. రెండోది, దానికి తడి గిట్టదు. లాలాజలం ఉన్నచోట అచ్చు మీద గుంటలు పడతాయి. మూడోది మళ్ళీ వేడి. వేడిలో ఇది చాలా తొందరగా బిగుసుకుంటుంది. చల్లబరిస్తే సమయం పెరుగుతుంది.

రెండోసారి

పెళ్ళికి ఆమె పాత సెట్టుతోనే వెళ్ళారు. దాని లోపల ముందు భాగం గీకి ఖాళీ చేసి, టిష్యూ కండిషనర్ అనే మెత్తటి పొర వేసి ఇచ్చాను. వారానికోసారి మార్చాను. రాత్రిళ్ళు తీసి నీళ్ళలో వేయమన్నాను. పెళ్ళయ్యాక, అచ్చుకు ముందు రెండు రోజులు పూర్తిగా తీసేయమన్నాను. ఆ రెండు రోజులు రాగి సంగటి, పప్పు చారుతో గడిపారు. ఎర్రదనం పోయింది.

అచ్చు పొద్దున ఎనిమిదికి పెట్టుకున్నాను. మొదటి బస్సుకు రమ్మన్నాను. ఏడింటికే ఏసీ వేయించాను. ఆమెకు కారణం చెప్పాను: "అమ్మా, మధ్యాహ్నం వేడికి మందు తొందరగా గట్టిపడుతుంది, పోయినసారి అందుకే చెడింది." ఆమె తల ఊపి, "మా ఇంట్లో పెరుగు కూడా అంతే నాయనా, ఎండకాలం తొందరగా పులిసిపోతాది," అన్నారు.

ఈసారి ప్రైమరీ అచ్చుకు కాంపౌండ్ బదులు ఆల్జినేట్ తీసుకున్నాను. రంధ్రాలున్న పెద్ద ట్రే ఎంచుకుని, గట్టుకు ట్రేకు మధ్య అయిదు మిల్లీమీటర్ల దాకా ఖాళీ ఉంచాను. నొక్కలేదు, కూర్చోబెట్టి పట్టుకున్నానంతే. అంతకుముందు నోట్లో కదిలే భాగం చుట్టూ ఇండెలిబుల్ పెన్సిల్‌తో గీత గీశాను. ఆ గీత ఆల్జినేట్‌కు అంటుకుంది, అక్కడి నుంచి కాస్ట్ మీదికి వచ్చింది.

కాస్ట్ మీద ఆ గీత లోపల రెండు పొరల మైనం, మిగతా చోట ఒక పొర వేసి అక్రిలిక్ ట్రే చేశాం. గీత ఎక్కడుందో అక్కడ ట్రేకు కిటికీ కోశాం. పిడి ముందు పెడితే కిటికీకి అడ్డం వస్తుంది, అందుకని అంగిలి మధ్యలో పెట్టాం. కిటికీ ట్రే ఆలోచన నాది కాదు. 1970లో వాట్సన్ ఇలాంటి గట్టుకు కిటికీ ఉన్న ట్రేలో జింక్ ఆక్సైడ్ పేస్టు, ప్లాస్టర్ వాడి రెండు దశల్లో అచ్చు తీసే పద్ధతిని రాశారు. గట్టి భాగానికి ఒక పదార్థం, మెత్తటి భాగానికి దానికంటే పల్చటిది. ఇంప్రెషన్ ప్లాస్టర్ నా దగ్గర లేదు. పేస్టు ఆమెకు మంట పెట్టింది. అందుకని గట్టి భాగానికి మధ్యస్థ చిక్కదనం గల మీడియం బాడీ అడిషన్ సిలికాన్, కిటికీకి పల్చటి లైట్ బాడీ ఎంచుకున్నాను. రెండూ ఒకే జాతివి కాబట్టి ఒకదానికొకటి అతుక్కుంటాయి.

గ్రీన్ స్టిక్‌ను మంట మీద మెత్తబరిచి, నోట్లో పెట్టే ముందు ప్రతిసారీ వెచ్చటి నీళ్ళలో ముంచాను. మంట మీది నుంచి నేరుగా పెడితే చిగురు కాలుతుంది. "ఆ" అనిపించి వెనక అంగిలి కంపించే గీత దగ్గర అంచు తీర్చాను. ట్రే అడ్హెసివ్ (జిగురు) పల్చగా పూసి పది నిమిషాలు ఆరనిచ్చాను. తొందరపడి తడి మీదే సిలికాన్ వేస్తే, లాగేటప్పుడు ట్రే నుంచి ఊడుతుంది. అది చాలాసార్లు కంటికి తెలియదు.

సిలికాన్ కార్ట్రిడ్జ్‌లను ముందు రోజు రాత్రే ఫ్రిజ్ కింది అరలో పెట్టించాను. మొదటి బొట్టు పారేసి, రెండు గొట్టాలూ సమానంగా వస్తున్నాయని చూసుకుని, మీడియం బాడీ ట్రేలో వేశాను. చిగురును గాజుగుడ్డతో ఆరబెట్టి ట్రే పెట్టాను. చల్లటి పదార్థం కదా, పెట్టె మీద ఉన్నదానికంటే ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ ఉంచాను. తీసి చూస్తే కొంత సిలికాన్ కిటికీలోకి పొంగింది. పదిహేనో నంబర్ బ్లేడుతో అంచు దాకా నీటుగా కోసి, ట్రేను తిరిగి నోట్లో కూర్చోబెట్టాను. అప్పుడు కిటికీలోంచి ముందు గట్టు కనబడింది. ఎవరూ తాకకుండా, ఎటూ ఒరగకుండా, తన చోట తాను నిలబడి ఉంది. మొదటి అచ్చులో నేను ఎంత దూరం నెట్టానో అప్పుడు అర్థమైంది.

గట్టును మళ్ళీ ఆరబెట్టి, లైట్ బాడీ సిరంజి మొనను పదార్థంలోంచి పైకి తీయకుండా ఒక చివర నుంచి ఇంకో చివరకు నింపుకుంటూ వెళ్ళాను. మొన బయటికి తీసి మళ్ళీ పెడితే బుడగ చిక్కుకుంటుంది. మొదట పల్చటి పొర, దాని మీద రెండో పొర, కిటికీ అంచు దాటి ట్రే మీదికి కొంచెం పాకేటట్టు. వేలితో గానీ, పరికరంతో గానీ తాకలేదు. గడియారం చూసి ఆగాను.

తీశాక ఒక జాగ్రత్త మిగిలింది. కిటికీ దగ్గర లైట్ బాడీకి వెనక ఆసరా లేదు. స్టోన్ బరువుకు అది వంగిపోవచ్చు. వంగితే నా శ్రమంతా పోయినట్టే. బయటివైపు పల్చగా ప్లాస్టర్ వేసి గట్టిపడనిచ్చాను. అచ్చును క్రిములు చంపే 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో పది నిమిషాలు ఉంచి కడిగి, గంట ఆగి, చుట్టూ మైనం కట్టి స్టోన్ పోశాం. ఆగడానికి కారణం, అడిషన్ సిలికాన్ నుంచి మొదట్లో కొంచెం హైడ్రోజన్ వస్తుంది. వెంటనే పోస్తే కాస్ట్ మీద సూది గుంటలు పడతాయి.

కింద దవడ

పై సెట్టు ఎంత బాగున్నా, కింద వెనక పళ్ళు లేకపోతే ఆమె మళ్ళీ ముందు పళ్ళతోనే నములుతారు, మెత్తటి గట్టు ఇంకా మెత్తబడుతుంది. ఈ మాట కొడుక్కి బొమ్మ గీసి చెప్పాను. లోహపు చట్రంతో చేసే క్యాస్ట్ పార్షియల్ (కొన్ని పళ్ళ సెట్టు) మేలు, కానీ వాళ్ళ చేతిలో ఉన్న డబ్బుకు అక్రిలిక్ పార్షియలే కుదిరింది. కింది ముందు పళ్ళ అంచులు మిల్లీమీటరు మేర తగ్గించి నునుపు చేశాను. పళ్ళకు ఆల్జినేట్, వెనక గట్టుకు అంచులు తీర్చిన ట్రేలో మీడియం బాడీ వాడాను. పళ్ళు అమర్చేటప్పుడు నోరు మూస్తే వెనక రెండు వైపులా తగలాలి, ముందు తగలకూడదు. ల్యాబ్ అతను అందం కోసం ముందు పళ్ళు కలిపి అమర్చి పంపాడు. ఫోన్ చేసి విప్పించాను.

ఇచ్చిన రోజు, తర్వాత

ఈసారి సెట్టు పెట్టి వెంటనే ఏమీ అనలేదు. పది నిమిషాలు కూర్చోబెట్టాను, నీళ్ళు తాగించాను. ప్రెషర్ పేస్టు ముందు గట్టు మీద అలాగే నిలిచింది. ఎడమ వెనక అంచులో ఒకచోట తుడిచిపెట్టుకుపోతే అక్కడ తగ్గించాను. "ఏమైనా మాట్లాడండమ్మా," అన్నాను. ఆమె కొడుకు వైపు చూసి, మెల్లగా "గోవిందా" అన్నారు. సెట్టు కదల్లేదు. ఇంకోసారి గొంతెత్తి అన్నారు. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళు అలవాటుగా "గోవింద" అని బదులిచ్చారు. ఆమె చెయ్యి ఒళ్ళోనే ఉంది.

మర్నాడు ఎడమ వైపు చిన్న పుండు ఉంటే అంచు ఇంకొంచెం సరిచేశాను. వారానికి తగ్గింది. మూడు నెలలకు వచ్చినప్పుడు ఉడికించిన చెనక్కాయలు తింటున్నానన్నారు, మాకూ ఒక సంచి తెచ్చారు. వెనక పళ్ళతోనే నమలాలని మళ్ళీ చెప్పాను. ముందు పళ్ళతో కొరికే అలవాటు పూర్తిగా పోలేదని పై సెట్టు మీది గీతలు చెప్పాయి.

ఆరు నెలలకు, జనవరిలో, పై సెట్టు గట్టిగానే ఉంది. మిర్రర్ పిడితో నొక్కితే ముందు గట్టు అంతకుముందులాగే కదిలింది, ఇంకా ఎక్కువ కాలేదు. కింది పార్షియల్ కుడి వైపు వేలితో నొక్కితే మిల్లీమీటరు దాకా దిగుతోంది. కింద గట్టు కొంచెం కరిగింది. ఇది వస్తుందని ముందే అనుకున్నదే. వచ్చే వారం రీలైన్‌కు, అంటే సెట్టు లోపలివైపు కొత్త పొర వేయడానికి, రమ్మన్నాను. "మళ్ళీ తెల్లారే బస్సుకా నాయనా?" అని అడిగారు. చలికాలం కదా, మధ్యాహ్నం బస్సుకు వచ్చినా ఫరవాలేదన్నాను.